వేలాడుతున్న లస్కరు

నూకరత్నంగారి చేత ఒక నిర్ణయం తీసుకునేలా చెయ్యడం ఆ పైవాడి తరం కూడా కాదని పెదగోడిలంక తూముల కార్యాలయంలో అందరికీ తెలుసు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు, సూపరింటెండెంటు హోదా. ఏ ఫైలు ఎటు తిప్పినా చివర్లో ఆవిడ రాసే వాక్యం ఒక్కటే: "తమ ఆదేశముల నిమిత్తము సమర్పించడమైనది." నెత్తిమీద ఫ్యాను ఆగిపోతే ఆ సంగతీ అలాగే సమర్పించి, రెండు వేసవులు విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది తప్ప ఎలక్ట్రీషియన్ని పిలిచిన పాపాన పోలేదు.

పుట్టుకతోనే అలాంటి మనిషి కాదు పాపం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు రికార్డు రూములో ఓ కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. నూకరత్నం జాలిపడి గోనెసంచీ పరిచి వాటిని వరండాలోకి మార్చింది. "ఏ అధికారముతో మార్చితిరి?" అని మెమో వచ్చింది. విచారణ మూడేళ్ళు నడిచింది. ఈలోగా ఆ పిల్లలు పెరిగి, వాటికి పిల్లలు పుట్టి, అవి మళ్ళీ రికార్డు రూములోకే చేరాయి. విచారణాధికారి వాటిని కళ్ళారా చూసి, "పూర్వస్థితి పునరుద్ధరింపబడినది" అని రాసి కేసు మూసేశాడు. ఆ రోజే ఆవిడ తలుపులమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, ఈ జన్మలో మళ్ళీ సొంత బుర్ర వాడనని మొక్కుకుంది.

అలాంటి మనిషి నెత్తిన ఆట వచ్చి పడింది.

శాఖకి కొత్తగా వచ్చిన కమిషనరుగారు విదేశాల్లో ఇరవై రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. వెళ్ళొచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా? అక్కడ పెద్దపెద్ద కంపెనీల మేనేజర్లు బల్ల చుట్టూ కూర్చుని వీరుల్లాగా, మంత్రగాళ్ళలాగా పాత్రలు వేసుకుని ఆడే ఆట ఒకటి ఆయన కంటబడింది. దానివల్ల బుర్రలు పాదరసంలా పనిచేస్తాయని, చిటికెలో నిర్ణయాలు తీసుకుంటారని ఎవరో ఆయనకి చెప్పారు. దిగిన మర్నాడే సర్క్యులర్ వచ్చింది: "ఊహాత్మక పాత్రధారణ బల్లక్రీడ ద్వారా సిబ్బంది నిర్ణయ సామర్థ్య అభివృద్ధి కార్యక్రమము. వారమునకు ఒక శుక్రవారము తప్పనిసరి." వారానికి ఒక్క శుక్రవారమే వస్తుందని ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆట సంగతి వింటే చిన్నపిల్లల దొంగాపోలీసులాగే ఉంటుంది. ఒకళ్ళు ఆట అధికారి. మిగతావాళ్ళు పాత్రధారులు. "మీ ముందు అడవి ఉంది, అడవిలో పులి ఉంది" అంటారు ఆట అధికారి. "నేను పులిని పొడుస్తాను" అంటాడు వీరుడు. అని, ఇరవై ముఖాలున్న పాచిక ఒకటి వేస్తాడు. పెద్ద అంకె పడితే పొడిచినట్టు, చిన్నది పడితే పులి వీణ్ణి తిన్నట్టు. ఏది జరిగిందో చెప్పాల్సింది మాత్రం ఆట అధికారే. గళ్ళూ లేవు, కాయలూ లేవు. అడవీ, పులీ అన్నీ ఆ అధికారి నోట్లోనే ఉంటాయి.

ఆటతో పాటు రెండువందల పన్నెండు పేజీల నియమావళి కూడా వచ్చింది. ఆ ఆఫీసులో నియమాలు చదివే అలవాటున్న మనిషి ఒక్కతే గనక నూకరత్నంగారిని ఆట అధికారిగా వేసేశారు. నాకొద్దు మొర్రో అని ఆవిడ అర్జీ పెట్టుకుంటే, "మీ అర్జీ పరిశీలనలో ఉన్నది, అంతవరకు ఆడించగలరు" అని జవాబొచ్చింది.

ఇందాకటి సర్క్యులర్లో తొమ్మిదో పేరా అసలైనది. తాత్కాలిక సిబ్బందిలో ఈ శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ పొందినవాళ్ళనే పర్మనెంటు చేస్తారట. ఎవరి పాత్ర ప్రాణాలతో ఆట ముగిస్తుందో వాళ్ళకే సర్టిఫికెట్టట. జాబితా మార్చి ముప్ఫయ్యొకటి సాయంత్రం ఐదింటికి మూసేస్తారట. ఆ తర్వాత ఇంకెప్పటికీ తెరవరట.

ఆ ఆఫీసులో అలాంటి తాత్కాలిక ఉద్యోగి ఒక్కడే, మావుళ్ళు. పదమూడో నంబరు తూముకి లస్కరు. తూము తలుపు ఎత్తడం, దించడం, కాలవగట్టు కనిపెట్టుకుని ఉండడం వాడి పని. పంతొమ్మిదేళ్ళుగా తాత్కాలికం. ఆ ఉద్యోగం నమ్ముకుని పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లల్ని కన్నాడు, సగం జుట్టు ఊడగొట్టుకున్నాడు. అవన్నీ పర్మనెంటు అయ్యాయి గానీ ఉద్యోగం కాలేదు.

"నీ పాత్ర చచ్చిపోకుండా చూసుకోవాలి మావుళ్ళూ" అని నూకరత్నం ముందే హెచ్చరించింది.

"పాత్రేటండి మేడంగారూ, రోజుకూలీ మీద పంతొమ్మిదేళ్ళు నన్ను నేనే బతికించుకున్నాను. ఆడెంతండి?" అన్నాడు మావుళ్ళు.

నిజానికి ఆటలో వాడు దిట్ట. అసిస్టెంట్ ఇంజినీరు భీమశంకరం మంత్రగాడి వేషం వేసి, రాక్షసుడు మీదపడుతుంటే "ముందు ఎస్టిమేటు వేసుకుంటాను" అనేవాడు. మిగిలిన ముగ్గురూ టీ ఎప్పుడొస్తుందా అని తలుపు కేసి చూస్తుండేవారు. మావుళ్ళు మాత్రం వీరబాహుడనే వీరుడై, అడవిలో నడుస్తుంటే గాలి ఎటు వీస్తోందో అడిగేవాడు. వాగు దాటాలంటే నీటి వడి అడిగేవాడు. పదిహేను శుక్రవారాల్లో వాడికి చిన్న గీత కూడా పడలేదు. నవంబరు నెలాఖరుకి కథ ఆఖరి ఘట్టానికి వచ్చింది. ఒక లోయ, దాని మీద ఒక తాడు, తాడుకి అవతల గట్టు. గట్టెక్కితే ఆట అయిపోయినట్టే.

"లోయ మీద తాడు కట్టి ఉంది" అని పుస్తకం చూసి చదివింది నూకరత్నం.

"కొబ్బరి తాడాండి, నైలానాండి?"

పుస్తకంలో లేదు. ఆవిడ పేజీ వెనక్కీ ముందుకీ తిప్పింది. "తాడు తాడే మావుళ్ళూ. ఎక్కు."

ఎక్కాడు. సగం దూరం వెళ్ళాడు. అప్పుడు పుస్తకంలో రాసి ఉన్న ప్రకారం చెట్టు చాటునుంచి ఒక గజదొంగ వచ్చి తాడు కోసేశాడు.

"అవతలి గట్టున చెట్టు వేరుంటాది కదండీ, అది అందుకుంటానండి" అని మావుళ్ళు పాచిక రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, కళ్ళకద్దుకుని వేశాడు. ఇరవై పడింది. అంతకంటే పెద్ద అంకె ఆ పాచికలోనే లేదు. టీ కోసం చూస్తున్న ముగ్గురూ కూడా లేచి చప్పట్లు కొట్టారు.

నూకరత్నం నియమావళి తిరగేసింది. పదిహేడో నియమం: "తాడు తెగిన యెడల దానిని పట్టుకొనియున్న పాత్ర లోయలో పడి మరణించును. ఇందుకు మినహాయింపు లేదు." దాని కిందే పద్దెనిమిదో నియమం: "పాచికయందు ఇరవై పడిన పాత్ర తలపెట్టిన కార్యము నెరవేరును. ఇందుకు మినహాయింపు లేదు."

పై నియమం ప్రకారం మావుళ్ళు చచ్చాడు. కింది నియమం ప్రకారం గట్టెక్కాడు. ఆవిడ ఇంకా తిరగేస్తే నలభై ఒకటో నియమం కనిపించింది: "నియమములు అస్పష్టముగా నున్నను, పరస్పర విరుద్ధముగా నున్నను ఆట అధికారి తక్షణమే నిర్ణయించవలెను. ఆ నిర్ణయమే తుది." అది చదవగానే ఆవిడకి కుక్కపిల్లలు కళ్ళముందు ఆడాయి. గబుక్కున పుస్తకం మూసేసింది.

"తదుపరి ఆదేశముల వరకు యథాతథ స్థితి" అని ప్రకటించింది.

"అంటే ఏటండి మేడంగారూ?"

"అంటే నువ్వు పడలేదు. అలాగని ఎక్కలేదు."

"మరెక్కడున్నానండి?"

"గాల్లో ఉన్నావు నాయనా. పైనుంచి క్లారిఫికేషన్ వచ్చేదాకా కదలకు."

ఫైలు పుట్టింది. మర్నాడే దాన్ని చంకన పెట్టుకుని నూకరత్నం బస్సెక్కి జిల్లా కేంద్రంలో డిప్యూటీ డైరెక్టరు చిదంబరేశ్వరరావుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఫైలు మొత్తం చదివి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే అవతలివాడికి మూడినట్టే.

"చూడండి నూకరత్నంగారూ, ఇది ఆషామాషీ విషయం కాదు. శాఖ ఉద్యోగి ఒకరు గాలిలో ఉన్నారు. గాలిలో ఉన్న ఉద్యోగి విషయమై మనకు పూర్వోదాహరణ లేదు. తొందరపడి నిర్ణయిస్తే రేపు ప్రతి జిల్లాలోనూ లస్కర్లు వేలాడతారు. సరే, లోయ లోతెంత?"

"పుస్తకంలో లేదు సార్."

"లోతు లేకుండా మరణమెలా నిర్ధారిస్తామమ్మా? రెండడుగుల లోయ అయితే పంచె దులుపుకుని లేచి వస్తాడు. సాంకేతిక నివేదిక లేకుండా నేను ఒక్క అక్షరం రాయను."

ఆ నివేదిక కోసం మెమో వచ్చి భీమశంకరం మీద పడింది. వారంలోగా సదరు లోయ లోతు తెలపాలి. ఆయన లబలబలాడుతూ నూకరత్నం దగ్గరికి వచ్చాడు.

"లేని లోయకి లోతేం రాయమంటారండీ? నా ఉద్యోగానికే ఎసరొస్తుంది."

"లోయ ఉందా లేదా అని వాళ్ళు అడిగారా బాబూ? లోతెంత అని అడిగారు. అడిగినదానికి చెప్పండి."

ఇంజినీర్లకి ఆ మాట ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేం. భీమశంకరం తూముల తనిఖీకి వాడే ఫారమే తీసుకున్నాడు, ఎందుకంటే ఆ శాఖలో ఉన్న ఫారం అదొక్కటే. అందులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా పైన తీసుకోరు కాబట్టి అన్ని గడులూ నింపాడు. "లోయ నం. 1. లోతు తొంభై మీటర్లు. స్థితి: సంతృప్తికరం." వెనక రంగు పెన్సిళ్ళతో బొమ్మ కూడా గీసి, లోయ అడుగున చిన్న బాణం గుర్తు పెట్టి ఉత్తరం దిక్కు ఎటో చూపించాడు.

తొంభై మీటర్లన్న మాటతో పై ఆఫీసు అదిరిపడింది. చిదంబరేశ్వరరావుగారు వెంటనే మెమో పంపారు. "సదరు లస్కరు తొంభై మీటర్ల ఎత్తున వేలాడుచు, రెండు చేతులును అందులకే వినియోగించుచుండగా, ప్రతిదినము ఉదయము ఎనిమిది గంటలకు హాజరు యంత్రముపై బొటనవేలి ముద్ర పడుచున్నది. ఏ చేతిని వదలి వేసెనో మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను."

మావుళ్ళు ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. "మేడంగారూ, యేలాడేది ఈరబాహుడండి. యేలేసేది నేనండి. ఇద్దరం యేరేరండి!"

"ఆ తేడా నియమావళిలో లేదు మావుళ్ళూ" అంది నూకరత్నం. అంటున్నప్పుడు ఆవిడకే సిగ్గేసింది.

అక్కడితో ఆగితే బాగుండును. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకో మెమో దిగింది. రెండు చేతులూ ఖాళీ లేని ఉద్యోగి తూము తలుపు ఎత్తడం భద్రతా నిబంధనలకి విరుద్ధం కనక, స్పష్టత వచ్చేదాకా మావుళ్ళు పదమూడో తూము ముట్టుకోకూడదు. వేరే లస్కర్ని వెయ్యడానికీ వీల్లేదు, ఆ పోస్టు ఖాళీ కాదు కదా, ఉన్నవాడు వేలాడుతున్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే.

అది రెండో పంట దాళ్వాకి నాట్లు వేసే రోజులు. పదమూడో తూము కింద మూడువందల ఎకరాలు. రైతులు నూకరత్నం బల్ల ముందు నిలబడి అరిచారు. "ఏవండీ, తూముకాడ మనిషి మీసాలు తిప్పుకుంటా కూకున్నాడు, నీళ్ళు ఒగ్గమంటే చేతులు కాళీ లేవంటన్నాడు! ఇదెక్కడి అన్నేయమండి బాబూ?"

ఆవిడ ఏం చెప్తుంది? ఫైలు పైన ఉందంది. పైన అంటే ఆకాశం కేసి చూశారు పాపం వాళ్ళు.

ఆ సాయంత్రం మావుళ్ళు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "నారు ఎర్రబడతందండి మేడంగారూ. ఆళ్ళ మొకాలు సూడలేకపోతన్నాను. రేపు తెల్లారగట్ల మీరు కాలవ కేసి రాకండి. ఏం జరిగినా మీకు తెల్దు, అంతే."

"నాకేం చెప్పకు, నాకేం వినబడలేదు" అంది నూకరత్నం ఫైల్లో తల దూర్చి. మర్నాడు తూము కింద నీళ్ళు పారాయి. తలుపు ఎవరెత్తారో ఎవరూ చూడలేదు. "నీరు స్వయముగా ప్రవహించినది" అని భీమశంకరం రిజిస్టర్లో రాశాడు. రోజూ అదే రాశాడు.

ఫిబ్రవరిలో ముగ్గురు సభ్యుల లోయ పరిశీలనా సంఘం దిగింది. వాళ్ళు జీపు దిగుతూనే లోయ ఎక్కడ అని అడిగారు. నూకరత్నం మీటింగు హాల్లో బల్ల చూపించింది. వాళ్ళు బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఒకాయన టేపు పెట్టి కొలిచారు. ఇంకొకాయన బల్ల కిందికి వంగి చూసి, "ఇక్కడ పడినట్టు ఆనవాళ్ళేమీ లేవు" అని రాసుకున్నారు.

సంఘం పెద్దకి మాత్రం న్యాయశాస్త్రం మీద మోజు. "అంతా బాగానే ఉంది. తాడు కోసిన గజదొంగ వాదన విన్నారా? వినకుండా తీర్పు చెబితే సహజ న్యాయ సూత్రాలకు భంగం. రేపు వాడు కోర్టుకి వెళ్తే శాఖ నిలబడుతుందా?"

గజదొంగకి నోటీసు తయారైంది. చిరునామా లేదు గనక బల్లకి అంటించారు. ఆటలో దొంగ మాటలు పలికింది ఆట అధికారే గనక హాజరు కావాల్సిన బాధ్యత నూకరత్నం మీద పడింది. ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"మీరు తాడు ఎందుకు కోశారు?"

"పుస్తకంలో కొయ్యమని ఉందండి."

"అంటే పై అధికారుల ఉత్తర్వుల మేరకే కోశారన్న మాట. మరి కోసేముందు లస్కరుకి తాఖీదు ఇచ్చారా?"

"లేదండి. చెట్టు చాటునుంచి వచ్చి కోశాను."

"తాఖీదు లేకుండా కోత" అని ఆయన కింద గీత గీసి మరీ రాసుకున్నారు. మావుళ్ళు కిటికీ బయట నిలబడి ఇదంతా విన్నాడు. వాడిప్పుడు నవ్వడం మానేశాడు.

మార్చి వచ్చింది. నూకరత్నం ఏడు రిమైండర్లు పంపింది. ఆవిడ జన్మలో ఒక ఫైలు గురించి ఏడుసార్లు అడిగింది ఇదే మొదలు. మావుళ్ళు భార్య పల్లాలమ్మ ఒకరోజు ఆఫీసుకి వచ్చి ఎదురుగా నిలబడి, "అమ్మగారండీ, మా ఆయన పడ్డాడో ఎక్కాడో సెప్పెయ్యండి సాలు. పడితే పడ్డాడనే అనుకుంటాం. పెద్దదాన్ని కాలేజీ మానిపించి రొయ్యల కంపెనీలో పెడతాం. ఈ ఊగులాట పడలేకపోతన్నామండి" అంది. ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. ఆ పూట నూకరత్నం తెచ్చుకున్న కారేజీ అలాగే ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

ముప్ఫయ్యొకటో తారీకు మధ్యాహ్నం మూడున్నరకి తపాలు వచ్చింది. అందులో కమిషనరు కార్యాలయం కవరు. మావుళ్ళు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. భీమశంకరం, ఆఫీసు మొత్తం చుట్టూ మూగారు. నూకరత్నం కవరు చించి పైకి చదివింది. నాలుగు నెలల పరిశీలన, ఒక సంఘం, రెండు న్యాయ సలహాలు, నూటపద్దెనిమిది పేజీల ఫైలు. అన్నీ ఉదహరించాక చివర ఒకే వాక్యం ఉంది: "కావున ఆట అధికారి నియమావళిని అనుసరించి తగు చర్య తీసుకొనగలరు."

కొండని తవ్వి ఎలకని పట్టారంటారు. వీళ్ళు ఎలకని కూడా పట్టలేదు, తవ్విన కొండని తెచ్చి ఆవిడ బల్లమీద పోశారు.

మావుళ్ళు మెల్లిగా అన్నాడు. "పోన్లెండి మేడంగారూ. మీరేం సేత్తారు. మళ్ళీ రాయండి పైకి. ఐదింటిదాకా టైముంది కదా, రాసినట్టుంటాది."

వాడు వెక్కిరించి అని ఉంటే ఆవిడ ఓర్చుకునేది. నిజంగా ఆవిడ మీద జాలిపడే అన్నాడు. అది తగిలింది నూకరత్నానికి. ఒళ్ళు మండిపోయింది. కమిషనరు మీదా, చిదంబరేశ్వరరావు మీదా కాదు, ఇరవయ్యారేళ్ళుగా తన కుర్చీలో కూర్చున్న తన మీదే.

"నోర్మూసుకో మావుళ్ళూ!" అని అరిచింది. "ఆరోజు నీకెంత పడింది?"

"ఇరవయ్యండి."

"వేరు పట్టుకుంటానన్నావు కదా?"

"అన్నానండి."

"పట్టుకున్నావు. తాడు తెగేటప్పటికి నీ చెయ్యి తాడు మీద లేదు, వేరు మీద ఉంది. గట్టెక్కావు. బట్టలు దులుపుకున్నావు. ఆట అయిపోయింది. ఇదే తుది!" అని సర్టిఫికెట్ లాక్కుని సంతకం చేసింది. చేసి, అలవాటు చొప్పున కింద "తమ ఆదేశముల" దాకా రాసి, నాలిక్కరుచుకుని, ఆ రెండు ముక్కలూ కాగితం చిరిగేలా కొట్టేసింది. నాలుగు యాభైకి మావుళ్ళు పేరు జాబితాలోకి ఎక్కింది. భీమశంకరం బయటికెళ్ళి పదిమందికీ మిర్చిబజ్జీలు తెచ్చాడు.

ఊహించిందే, మూడోనాటికి మెమో వచ్చింది. "ఏ అధికారముతో నిర్ణయించితిరి?" నూకరత్నం ఒక్క పంక్తి జవాబు రాసింది: "నలభై ఒకటవ నియమము." చిదంబరేశ్వరరావుగారు స్వయంగా ఫోను చేశారు.

"నియమం ఉందనుకోండి నూకరత్నంగారూ. ఉన్నంత మాత్రాన వాడేయడమేనా? అది ఆఖరి అస్త్రంగా పుస్తకంలో ఉండాలి, అంతే. ఇప్పుడు మీ మీద చర్య తీసుకోవాలా వద్దా అన్నది తేల్చాలి."

"తేల్చండి సార్" అంది ఆవిడ.

"పైకి రాస్తాను" అని ఆయన ఫోను పెట్టేశారు. ఆ ఫైలు ఇప్పటికీ పైనే ఉంది.

మే నెలలో మావుళ్ళుకి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. పల్లాలమ్మ ఆఫీసులో అందరికీ జీళ్ళు పంచింది. మావుళ్ళు మాత్రం కాగితం పట్టుకుని దిక్కులు చూస్తూ నూకరత్నం దగ్గరికి వచ్చాడు.

"మేడంగారూ, నన్ను పదమూడో తూముకాడ ఎయ్యలేదండి. సూడండి."

చూసింది. "లోయ నం. 1 నందు లస్కరుగా నియమించడమైనది. పదిహేను రోజులలో సదరు లోయ వద్ద విధులలో చేరని యెడల ఉద్యోగము రద్దగును." భీమశంకరాన్ని పిలిచారు. ఆయన తల గోక్కున్నాడు. తూముల ఫారంలో 'కావలసిన సిబ్బంది' అని ఒక గడి ఉందట. ఖాళీగా వదిలితే తీసుకోరని 'లస్కరు ఒకరు' అని రాశాడట. పైన దాన్ని మంజూరు చేసేశారు. పదమూడో తూముతో సహా తాత్కాలిక పోస్టులన్నీ ఎత్తేశాక జిల్లా మొత్తం మీద ఖాళీగా ఉన్న పర్మనెంటు పోస్టు అదొక్కటే.

"తప్పు దిద్దమని పైకి రాద్దామా?" అన్నాడు భీమశంకరం.

"దిద్దితే పోస్టే పోతుంది" అంది నూకరత్నం.

మావుళ్ళు మొహం వాడిపోయింది. "మరి నేనెక్కడికెల్లి సేరాలండి? లేని లోయకి దారెవరు సెప్తారండి?"

"ఎవరు చెప్తారేమిటి? అడవి ఎక్కడుందో, పులి ఎక్కడుందో ఇన్నాళ్ళూ ఎవరు చెప్పారు నీకు?" అని నూకరత్నం పెన్ను మూత తీసింది. ఎవర్నీ అడగలేదు, ఏ పుస్తకమూ తిరగెయ్యలేదు. ఆర్డరు కింద తన చేత్తో రాసింది: "సదరు లోయ పదమూడవ నంబరు తూము తలుపు వద్ద ప్రారంభమై, కాలువ వెంబడి మూడువందల ఎకరముల వరకు వ్యాపించియున్నది. నేడు లస్కరు విధులలో చేరినాడు. సంతకం: నూకరత్నం, ఆట అధికారి."

ఆగస్టులో లోయ వార్షిక తనిఖీకి చిదంబరేశ్వరరావుగారే వచ్చారు. మొదటి పంట సార్వాకి నాట్లు జోరుగా పడుతున్నాయి. మావుళ్ళు పదమూడో తూము తలుపు ఎత్తి సెల్యూటు కొట్టాడు. ఆయన గట్టు మీద నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, కాలవ కేసి చాలాసేపు చూశారు. జీపులో కూర్చుని నివేదిక రాసుకున్నారు: "లోయ నం. 1 ను స్వయముగా పరిశీలించడమైనది. నిర్వహణ సంతృప్తికరము. నిండుగా నీరున్నందున లోతు నిర్ధారింపబడలేదు."